గాజుటింటి కూజామొక్కలు: జాతిరక్షణము, సంకరసృష్టి

మలయా ద్వీపసముదాయమునందలి వర్షారణ్యములలోను, ఆ అరణ్యములకు పైన మేఘములలో మునిగియుండు గిరిశిఖరములమీదను పెరుగు నెపంథిస్ మొక్కలను మన పాఠ్యపుస్తకములు కీటకాహార మొక్కల ప్రకరణమున ఒక్క బొమ్మతోను నాలుగు వాక్యములతోను ముగించుచున్న కారణమున, తెలుగు పాఠకులలో పెక్కురు వానిని ప్రకృతివింతగా మాత్రమే ఎఱుగుదురు. కాని ఈ మొక్కను రెండువందల యేండ్లకు పైగా మానవుడు గాజుటిండ్లలో పెంచుచున్నాడనియు, నూటయఱువది యేండ్లకు పూర్వమే దాని జాతులను ఒండొంటితో కలిపి క్రొత్త రూపములను పుట్టింప నారంభించెననియు, ఆ ప్రయత్నము ఒకమాఱు మహోన్నతస్థితికి చేరి, పిదప దాదాపు నశించి, మరల మన కాలమున పూర్వముకంటె విస్తారముగా చిగిర్చినదనియు ఎఱిగినవారు తక్కువ. ఈ చరిత్రను, దాని వెనుకనున్న శాస్త్రమును, పెంపకపు మెళకువలను ఒక్కచోట చేర్చి పరిశీలించినచో, గాజుటింటి యజమాని ముఖ్యకర్తవ్యము క్రొత్త సంకరములను పుట్టించుటయా, ఉన్న జాతులను నిలుపుటయా యను ప్రశ్న తప్పక ఎదురగును. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావనియు, అయినను రెండవది లేక మొదటిది నిలువజాలదనియు నా నిశ్చితాభిప్రాయము.

నెపంథిస్ ప్రజాతియందు నేడు నూటయఱువదికి మించిన జాతులు గుర్తింపబడియున్నవి. పడమట మడగాస్కరు, సీషెల్సు దీవులు మొదలుకొని సింహళము మీదుగా తూర్పున న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా, న్యూకాలెడోనియాల వఱకు ఇవి వ్యాపించియున్నను, బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీను దీవులే వీనికి పుట్టిల్లు వంటివి. భారతదేశమున ఒక్కటే జాతి కలదు. మేఘాలయమునందలి ఖాసీ, జయంతియా, గారో కొండలలో పెరుగు ఖాసియానా యనునది అది. ఈ మొక్కలలో మనము ఆకు అని భావించు పచ్చని పట్టీ నిజమునకు ఆకు మొదలు విశాలమై ఏర్పడినది. దాని కొననుండి నులితీగ సాగి, ఆ తీగ చివర ఉబ్బి, లోన ద్రవమును నింపుకొని, పైన మూతతో కూజాగా రూపొందును. మూత తెఱచుకొనుటకు పూర్వమే లోపలి ద్రవము సిద్ధమైయుండును. నోటి అంచుమీది సన్నని గాళ్లు తేమ తగిలినంతనే పలుచని నీటిపొరతో కప్పబడగా, దానిపై నడచు చీమ కాలు నిలుపుకొనలేక జాఱిపడును. ఇది నీటిపొరవలన కలుగు జాఱుడని 2004లో బోన్, ఫెడర్లె అను పరిశోధకులు నిరూపించిరి. ఈ కూజా జీర్ణకోశమువలె పనిచేయునని 1874లో బెల్‌ఫాస్టు నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హూకరు ప్రయోగపూర్వకముగా వెల్లడించెను. మఱుసటి యేడు డార్విను కీటకాహార మొక్కలపై తన గ్రంథమును ప్రకటించెను.

అయితే కూజాలన్నింటికిని ఆహారము కీటకమే యనుట సరికాదు. ఆంపుల్లారియా యను జాతి నేలపై గుంపుగా కూజాలను పఱచి, పైనుండి రాలు ఆకులను స్వీకరించి బ్రదుకును. బోర్నియోలోని కినబాలు పర్వతముమీది లోవియై, రాజా అను జాతులు చెట్లపై తిరుగు ఉడుతవంటి చిన్న జంతువులకు మూతక్రింద తేనె నిచ్చి, ఆ జంతువు కూజాపై కూర్చుండి విడుచు మలమునుండి నత్రజనిని పొందును. బోర్నియోలోని మఱియొక జాతి కూజాలో గబ్బిలములు పగటిపూట నిదురించును. ఇట్టి వైవిధ్యము పెంపకమునకు అప్రస్తుతమని తలంపరాదు. ఏ మొక్క ఏ నేలలో, ఏ యెత్తున, ఏ జీవులతో పొత్తుగొని పెరిగినదో తెలియని వాడు దానిని గాజుటింట బ్రదికింపలేడని ఈ పెంపకపు చరిత్ర యంతయు చాటుచున్నది.

మడగాస్కరు దీవిలో పాలకుడుగానున్న ఫ్లాకూర్ 1658లో ప్రకటించిన గ్రంథమున ఈ మొక్కను మొదట వర్ణించెను. లిన్నేయసు 1753లో సింహళపు జాతికి డిస్టిల్లటోరియా యని పేరిడెను. 18వ శతాబ్ది చివర జోసెఫ్ బ్యాంక్సు ద్వారా ఈ ప్రజాతి లండనులోని క్యూ ఉద్యానమునకు చేరెను. 19వ శతాబ్ది నడుమ వీచ్ కుటుంబమువారి నర్సరీ తరఫున థామస్ లాబ్ వంటి సేకర్తలు సింగపూరు, బోర్నియో ప్రాంతములనుండి పంపిన మొక్కలు చెల్సీలోని గాజుటిండ్లకు చేరుటతో అసలు కథ ఆరంభమైనది. ఆ నర్సరీలోనే పనిచేయుచు, అంతకుముందే ఆర్కిడ్లలో తొలి సంకరమును పుష్పింపజేసిన జాన్ డామినీ అను తోటమాలి, రాఫ్లీసియానా యను జాతి ఒక జనకముగా 1862లో తొలి కృత్రిమ నెపంథిస్ సంకరమును లోకమునకు చూపెను. దానికి అతని పేరే పెట్టబడినది. ఈ యంశము గమనింపదగినది: రెండు వృక్షకుటుంబములలో తొలి సంకరములు ఒక్క తోటమాలి చేతినుండి వెలువడినవి, అతడు విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు.

డామినీ తెరచిన త్రోవలో సీడెన్, కోర్ట్, టివీ అను తోటమాలులు వరుసగా నడచిరి. 1881లో వెలువడిన మాస్టర్సియానా యను సంకరము మనకు ప్రత్యేకముగా ఆసక్తికరమైనది. దాని జనకములలో ఒకటి మలయా దేశపు సాంగ్వినియా, రెండవది మన ఖాసీకొండల ఖాసియానా. మేఘాలయపు మొక్క రక్తము ఇంగ్లండు గాజుటిండ్ల అత్యుత్తమ సంకరములలో ఒకదానియందు ప్రవహించినదను విషయము మన దేశపు ఉద్యానరసికులలోనే చాలమందికి తెలియదు. ఇందులకు ఒక కారణము లేకపోలేదు. ఆనాటి ఇంగ్లీషు తోటలలో ఖాసియానా మొక్క పెక్కుచోట్ల డిస్టిల్లటోరియా యను తప్పు పేరుతో, అనగా సింహళపు జాతి పేరుతో, చెలామణి యగుచుండెను. ఒక పేరుచీటీ తప్పుటవలన ఒక దేశపు మొక్క వంశవృక్షమునుండియే తొలగిపోవుటకు ఎట్లు అవకాశము కలుగునో దీనివలన తెలియనగును.

1888లో ఎడింబరో రాజోద్యానమున రాఫ్లీసియానా, వీచై జాతుల కలయికవలన డిక్సోనియానా పుట్టెను. 1893లో నార్థియానా, మాక్సిమా జాతుల కలయికవలన మిక్స్టా పుట్టెను. ఈ మిక్స్టా జనకమైన నార్థియానాకు ఒక రమణీయచరిత్ర కలదు. మేరియన్ నార్త్ అను చిత్రకారిణి 1876లో సరవాకు దేశమున ఈ మొక్కను చిత్రించగా, ఆ చిత్రమునందలి బృహత్తర కూజాలను చూచి వీచ్ వారు కర్టిస్ అను సేకర్తను వెదకి తెమ్మని పంపిరి. దొరకినపిదప హూకరు ఆమె పేరే దానికి పెట్టెను. నేడు మన నగరములలోని నర్సరీలలో వ్రేలాడుగంపలయందు కనబడు మిరాండా యను సుప్రసిద్ధసంకరము మిక్స్టానే ఒక జనకముగా కలది. కావున ఆ గంపలో వ్రేలాడు కూజా యంచుమీది ఎఱ్ఱని చారలకు మూలము సరవాకు సున్నపురాతి కొండలలో ఒక చిత్రకారిణి కుంచెకు చిక్కిన మొక్కయే.

ఈ ఉచ్ఛ్రాయమునకు ప్రక్కనే ఒక మహావైఫల్యమును గూడ చెప్పవలసియున్నది. హ్యూ లో అను నాతడు 1858లో కినబాలు పర్వతమున కనుగొనగా, మఱుసటి యేడు హూకరు వర్ణించిన రాజా యను జాతి, మూడు లీటర్లకు మించిన ద్రవమును పట్టు కూజాతో ఈ ప్రజాతికే చక్రవర్తివలె వెలయుచుండెను. 1878లో బర్బిడ్జి అను సేకర్త ఆ కొండనుండి దాని విత్తనములను వీచ్ వారికి చేర్చెను. మొలకలు వచ్చినవి, ప్రదర్శనలలో మెప్పును పొందినవి. కాని పెరిగి పెద్దవి కాలేదు. 1905 నాటికి వీచ్ వారి యిండ్లలో ఒక్క రాజాయు మిగులలేదు. ఈ నాశమునకు కారణము నేడు మనకు స్పష్టము. ఆనాటి గాజుటింటి క్రింద బొగ్గుపొయ్యిలు రేయింబవళ్లు మండుచు, వేడినీటిగొట్టములచే లోపలి గాలిని ఎల్లవేళల ఉష్ణదేశపు మధ్యాహ్నమువలె నుంచుచుండెను. సముద్రమట్టమునకు దగ్గఱి అడవులలో పుట్టిన రాఫ్లీసియానాకు అది స్వర్గము. రాత్రి చలిగాలికి, మంచుకు అలవాటుపడిన పర్వతజాతులకు అది మరణశిక్ష. ఉష్ణమండలపు మొక్క యన్నంతమాత్రమున ఎడతెగని వేడిని కోరునని భావించిన ఆ దురవగాహన ఆనాటి పెంపకమునందలి మూలదోషము.

1914లో వీచ్ వారి చెల్సీ నర్సరీ మూతపడెను. అదే సంవత్సరమున మహాసంగ్రామము ఆరంభమై, బొగ్గు దుర్లభమై, తోటమాలులు సైన్యమునకు పోయి, గాజుటిండ్లు చల్లబడెను. శతాధికములుగా పుట్టిన విక్టోరియా యుగపు సంకరములలో చాలవఱకు ఆ కాలమున కాలగర్భమున కలిసినవి. వానిని మరల సృష్టింతమన్న, జనకములైన జాతులు సాగులో నిలువలేదు, ఏ మొక్కతో ఏ మొక్కను కలిపిరో సరియైన వ్రాతలు పెక్కింటికి లేకపోయినవి. సంకరములమీది మోజు జాతులమీది శ్రద్ధను మ్రింగివేసిన కాలమది. అట్లని ఆ తోటమాలుల ప్రతిభను తక్కువ చేయరాదు. వారి కళ్లముందు అడవి అక్షయపాత్రవలె కనబడుచుండుట వారి దురదృష్టము.

పిదప వచ్చిన అర్ధశతాబ్దిలో శాస్త్రమే ఈ మొక్కకు ఆశ్రయమిచ్చినది. 1908లో మాక్‌ఫర్లేన్, 1928లో జావాదీవియందు డాన్సరు అను వృక్షశాస్త్రజ్ఞులు వ్రాసిన బృహద్గ్రంథములు జాతులను, వానిమధ్య అడవిలోనే సహజముగా కలుగు సంకరములను వివరించినవి. సహజసంకరము లిన్ని యుండగా జాతియనునది యేమియను ప్రశ్న డాన్సరును వదలలేదు. 1929లో ఆతడు కలయికశక్తి ఆధారముగా వృక్షసముదాయములను వర్గీకరించు సిద్ధాంతమునే ప్రతిపాదించెను. 1950 ప్రాంతమున అమెరికాలోని మిస్సౌరీ ఉద్యానమున ప్రింగ్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు క్రొత్త సంకరములను వెలువరించెను. జపానులో అభిరుచి వ్యాపించి, 1976లో కురాటా అను వృక్షశాస్త్రజ్ఞుడు కినబాలు పర్వతపు నెపంథిస్‌లపై గ్రంథమును ప్రకటించెను. 20వ శతాబ్ది చివర కణజాలవర్ధనము వచ్చి ఈ కథను మలుపు త్రిప్పినది: గాజుసీసాలో మొలిపించిన రాజా పిల్లలు వేలకొలది బయటికి రాగా, ఒకప్పుడు ధనవంతులకు గూడ దుర్లభమైన మొక్క సామాన్య అభిరుచిపరుని అందుబాటులోనికి వచ్చెను. అడవినుండి దొంగిలించుటకు గల ధనాశ ఆ మేరకు తగ్గినది.

ఇక పెంపకమునకు వత్తము. గాజుటిల్లు కట్టువాడు మొదట నిర్ణయించుకొనవలసినది దాని వైశాల్యమును గాదు, రాత్రి ఉష్ణోగ్రతను. వేయి మీటర్ల ఎత్తునకు దిగువన పెరుగు పల్లపుజాతులకు పగలు 28 మొదలు 34 డిగ్రీల వఱకు, రాత్రి 20 డిగ్రీలకు తగ్గని వెచ్చదనము కావలెను. అంతకు పైనుండు పర్వతజాతులకు పగలు 20 నుండి 26 డిగ్రీలు చాలును. రాత్రి 15కు లోపునకు దిగుట అత్యవసరము. విల్లోసా వంటి అత్యున్నతవాసులు 3,000 మీటర్లకు పైన గూడ పెరుగునవి, ఇంకను చల్లదనమును కోరును. చలిదేశమువాడు కాచుకొనవలసినది పల్లపుజాతులను, ఉష్ణదేశమువాడు చల్లార్చుకొనవలసినది పర్వతజాతులను. వీనిలో రెండవదియే కష్టతరము. తడిపఱదాలగుండ గాలిని లాగి చల్లార్చు ఉపాయము గాలి పొడిగానున్నపుడే ఫలించును, కాని వర్షకాలపు రాత్రి, గాలి నీటితో నిండియున్నపుడు, అది దాదాపు నిష్ఫలము. అందువలన ఉష్ణదేశములలో పర్వతజాతులను పెంచువారు శీతలీకరణయంత్రములను ఆశ్రయించుచున్నారు. ఆ విద్యుద్వ్యయమును భరింపజాలనివాడు ఆ జాతులను ఆశింపక, పల్లపుజాతులతో తృప్తినొందుట వివేకము.

తేమ నూటికి 60 మొదలు 80 పాళ్లుండవలెను. అయితే కదలని తేమగాలి బూజునకు పుట్టిల్లు గావున పంకా నిరంతరము మెల్లగా తిరుగుచుండవలెను. వెలుతురు ధారాళముగా కావలెను, కాని మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగులరాదు. సగమువఱకు ఎండను వడకట్టు వల ఆవశ్యకము. వెలుతురు చాలనిచో ఆకులు నిగనిగలాడుచు పొడవుగా సాగును గాని వాని కొనలు కూజాలుగా మాఱవు, చివర ఎండి నల్లబడును. మొక్క ఆరోగ్యముగా నున్నదని యజమాని సంతోషించుచుండగా అది నిజమునకు వెలుతురు చాలక కూజా పట్టుట మానుకొనినది. తేమ తక్కువైనను ఇదే లక్షణము. ఎరువు కుండీలో వేసి పోషించినను ఇదే లక్షణము. నేలయందు పోషకములు లేమివలననే కీటకములను పట్టనేర్చిన మొక్కకు, వేరున నేరుగా అన్నము పెట్టిన కూజాతో పనియేమి?

కుండీలో నింపు మిశ్రమము ఈ మొక్కల పెంపకమునందు మఱియొక కీలకము. స్ఫాగ్నమ్ నాచు, పెర్లైట్, ఆర్కిడ్లకు వాడు చెక్కబెరడు ముక్కలు, బొగ్గు మొదలగువానిని పలువురు పలువిధములుగ కలుపుదురు. అది వదులుగా, కొంచెము ఆమ్లముగా, పోషకరహితముగా, తడిగానుండియు నీరు నిలువనిదిగా నుండవలెనను నియమము మాత్రము అందఱికి సమానము. మన దేశమున సులభముగా దొరకు కొబ్బరిపీచు వాడదగినదే కాని, ఉప్పుపోవునట్లు పలుమాఱులు మంచినీట నానబెట్టి పిండినగాని వాడరాదు. ఈ మొక్క వేళ్లు సహజముగానే నల్లగా, వెండ్రుకలవలె సన్నముగా, తాకినంతనే తెగిపోవునట్లుండును. కుండీ మార్చునపుడు నల్లని వేళ్లను చూచి కుళ్లినవని భ్రమించి కత్తిరించి, మొక్కను తామే చంపుకొనువారు కలరు. ఆరోగ్యకరమైన నల్లని వేరు గట్టిగానుండి చివర లేతగోధుమవర్ణముగానో తెల్లగానో కనబడును. కుళ్లినది మెత్తబడి చేతికి ఊడివచ్చును. ఈ ఒక్క భేదము తెలిసినవాని చేతిలో మొక్క సగము బ్రదికినట్లే.

నీటి విషయమున అలసత్వము పనికిరాదు. లవణములు మిక్కిలి తక్కువగల వాననీరు శ్రేష్ఠము. అది లేనిచో ఆర్.ఓ. యంత్రమునుండి వచ్చు నీరు. నల్లగొండ మొదలగు జిల్లాలలోని ఫ్లోరైడు నీటినిగాని, రాయలసీమ బోరుబావుల కఠినజలమునుగాని పోసినచో వేరు చుట్టు ఉప్పు పేరుకొని, ఆకు అంచులు మాడి, క్రమముగా మొక్క నశించును. పురుగులలో పిండినల్లి, తామరపురుగు, పొలుసుపురుగు ప్రధానశత్రువులు. క్రొత్తగా తెచ్చిన మొక్కను కొంతకాలము వేఱుగానుంచి చూచుకొనుటకంటె మేలైన మందు లేదు. క్రొత్తచోటికి వచ్చిన మొక్క పాతకూజాలు ఎండిపోవుట సహజము. క్రొత్త ఆకునకు కూజా వచ్చినదా లేదా యనునది చూడవలెను.

సంకరణమునందు గల సొగసు, శ్రమ రెండును ఈ మొక్క ఏకలింగాశ్రయి యగుటవలన కలిగినవి. మగపూవులు ఒక మొక్కకు, ఆడపూవులు వేఱొక మొక్కకు పూయును. మొలక పూయు వయస్సునకు వచ్చు వఱకు అది ఏ లింగమో చెప్ప వీలులేదు. ఆ వయస్సు రావలెనన్న జాతిని బట్టి మూడేండ్లు మొదలు పదేండ్ల వఱకు పట్టును. మగ, ఆడ రెండును ఒకేమాఱు పూయునను నమ్మకము లేదు గావున పెంచువారు పరాగమును పొడికాగితమున చుట్టి, తేమ పీల్చు గుళికలతో సీసాలో నుంచి, శీతలపేటికయందు దాచి, ఒండొరులకు పంపుకొందురు. మగపూవున నాలుగు చిన్న రేకుల నడుమ ఒక పొట్టి కాడపై పరాగకోశములు బంతివలె గుమికూడియుండును. అవి పగిలినపుడు బంతి యంతయు పసుపుపచ్చని పొడితో నిండును. ఆడపూవు నడుమ పచ్చని అండాశయము, దానిపై చదునైన కీలాగ్రము నిగనిగలాడుచుండును. చిమటాతో మగపూవును కోసి, ఆ పొడి కీలాగ్రమునకు పట్టునట్లు మెల్లగా ఒత్తుట, అంతియే పని. కాని పూగుత్తిలో పూవులు క్రిందినుండి పైకి రోజునకు కొన్ని చొప్పున వికసించును. అందుచేత మఱునాడు, ఆ మఱునాడు మరల చేయవలెను. పట్టిన కాయ ఉబ్బి గట్టిపడును, పట్టనిది వాడి రాలును. రెండు మూడు నెలలకు కాయ గోధుమవన్నె తిరిగి నాలుగు చీలికలుగా విచ్చుకొనును. లోనివిత్తులు దారపుపోగులవలె సన్నముగా, నడుమ చిన్న ఉబ్బు మాత్రము గలిగి, ఊపిరి తగిలిన ఎగిరిపోవునట్లుండును. ఆ ఉబ్బు లేనిది మొలవదు. తాజావిత్తులను వెంటనే తడినాచుపై చల్లవలెను, మట్టి కప్పరాదు. ఆలస్యమైనకొలది వాని జీవము సన్నగిల్లును. నెలనుండి రెండునెలలలో బీజదళములు కనబడును. వాని పిదప వచ్చు తొలి ఆకులే, గోరు చివరకంటె చిన్నవైనను, మూతతో సహా నిండు కూజాలను ధరించును. ఆ మొలకను దగ్గఱనుండి చూచినవారికి ఇంతటి శ్రమ ఎందులకను ప్రశ్న ఉదయింపదు.

ఈ జాతులలో దాదాపు ఏది దేనితోనైనను కలియును. పరిశీలింపబడిన జాతులన్నిటియందును క్రోమోసోములు ఎనుబదియే యని 1997లో హ్యూబుల్, విస్టూబా అను పరిశోధకులు చూపిరి. కలయికకు అడ్డులేకపోవుటకు ఇది ఒక ముఖ్యకారణము. అడవిలో ఆ జాతులు కలసిపోక నిలిచియుండుటకు కారణము కొండల ఎత్తులు, నేలల భేదములు, పూచుకాలముల తేడాలు. కినబాలుమీద రాజా, విల్లోసా కలియుచోట కినబాలుయెన్సిస్, బోర్నియో పల్లములలో ఆంపుల్లారియా, రాఫ్లీసియానా కలియుచోట హూకరియానా సహజముగా పుట్టుచున్నవి. సంకరము పుట్టుట ప్రకృతికి విరుద్ధమని వాదించువారికి ఇది సమాధానము. అయితే గాజుటింట అడ్డుగోడలన్నియు ఒక్కమాఱు తొలగిపోవును. బోర్నియో మొక్కను మడగాస్కరు మొక్కతో కలుపుటకు మన చేతి చిమటా చాలును.

సంకరములవలన కలుగు లాభము నిర్వివాదము. చలిని కోరు జాతిని వేడిని సహించు జాతితో కలిపిన సంతతి మధ్యస్థమైన వాతావరణమునకు ఒదుగును, తల్లిదండ్రులకంటె బలముగా పెరుగును. ఫిలిప్పీనులనుండి వచ్చిన వెంట్రికోసా జాతి ఈ సహనమును సంతానమునకు ధారాళముగా నిచ్చును. అందుచేతనే దానినుండి పుట్టిన వెంట్రాటా లోకమంతట కిటికీలలో పెరుగుచున్నది. ట్రంకేటా విశాలమైన ఆకునిచ్చును, హమాటా నోటియంచున కొక్కెములవంటి పండ్లనిచ్చును, ఆంపుల్లారియా గుండ్రని పొట్టికూజానిచ్చును. శుద్ధమైన రెండుజాతుల సంతతి చాలవఱకు ఏకరూపముగా నుండును. కాని సంకరమును సంకరముతో కలిపినపుడు ఒకే కాయలోని విత్తులు నానావిధముల రూపములు దాల్చును. అక్కడ నేర్పరి కన్ను కావలెను. నూఱు మొలకలలో తొంబదితొమ్మిదింటిని వదలుకొనుటకు సాహసములేనివాడు ఈ పనికి పూనుకొనరాదు. ప్రతి మొలకకును ఒక ఆడంబరనామము తగిలించి విక్రయించుట నేడు పెచ్చరిల్లుచున్నది. అంతర్జాతీయ కీటకాహార మొక్కల సంఘమునందు పేరు నమోదుచేయు నియమబద్ధపద్ధతి యున్నను, దానిని పాటించువారు కొలదిమందియే. ఇది సంకరణకళకు గౌరవము తెచ్చు పద్ధతి కాదు.

వీనికంటె గంభీరమైన దోషము వేఱొకటి కలదు. సాగులోనున్న నెపంథిస్‌లలో మగమొక్కలే ఎక్కువగా కనబడును. ఒక దుర్లభజాతి ఆడమొక్క పూచినపుడు, ఆ పూగుత్తిని అదే జాతి మగమొక్క పరాగముతో నింపి శుద్ధసంతతిని పెంచవలెనా, లేక పది సుప్రసిద్ధసంకరములతో కలిపి పదివిధముల విత్తులు తీయవలెనా? రెండవది వెంటనే ధనమును, కీర్తిని ఇచ్చును. మొదటిది ఇరువది యేండ్ల పిదప ఆ జాతి సాగులో నిలిచియుండునట్లు చేయును. పశ్చిమ కలిమంతానులోని కెలామ్ కొండయను ఒక్క శిలపై మాత్రమే పెరుగు క్లిపియాటా అడవిలో అంతరించు అంచునకు చేరియున్నది. సాగులో దాని మొక్కలు కొలదియే, అవియు కొద్ది మూలములనుండి వచ్చినవి. అట్టిదాని ప్రతి ఆడపూవును సంకరములకు వినియోగించుట జాతిద్రోహమనుటకు నేను వెనుదీయను. సంకరములను పెంచుటవలన అడవిమీది ఒత్తిడి తగ్గునను వాదములో కొంత సత్యమున్నది, తొలి అభిరుచిపరునకు ఇంటివాతావరణమున బ్రదుకు సంకరమే తగినది; కాని ఆ వాదము జాతులను నిలుపు బాధ్యతనుండి ఎవ్వరిని విముక్తులను చేయదు.

మన దేశపు ఖాసియానా విషయము ఇచట ప్రత్యేకముగా చెప్పదగినది. గారోలు దీనిని మెమాంగ్ కోక్సీ యని పిలుతురు. దయ్యపు గంప యని దానికర్థము. దక్షిణ గారో కొండలలోని బాఘమారా వద్ద దీనికొఱకే ఒక చిన్న అభయారణ్యము కలదు. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు (సైటీస్) ఒకటవ అనుబంధమున, అనగా మిక్కిలి కఠినమైన పట్టికలో, రాజాతోపాటు ఖాసియానా చేర్చబడినది. తక్కిన జాతులన్నియు రెండవ అనుబంధమున నున్నవి. మన వన్యప్రాణి సంరక్షణచట్టము గూడ దీనిని రక్షితమొక్కగా ప్రకటించినది. ఆశ్చర్యమేమనగా, ఇంత అపాయస్థితిలోనున్న మొక్క పెంపకమున మిక్కిలి సులభమైనది. పల్లపు వేడిని, కొండచలిని మితముగా రెండింటిని సహించును, విత్తునుండి చక్కగా పెరుగును, కణజాలవర్ధనమునకు లొంగును. అడవిలో దీనికి వచ్చిన ముప్పు బొగ్గుగనులవలన, అడవుల నఱకివేతవలన, అక్రమసేకరణవలన కలిగినదే తప్ప మొక్క సుకుమారతవలన కాదు.

తెలుగునేలపై నెపంథిస్ సహజముగా లేదు. మన చిత్తడినేలలలో డ్రోసెరా, యుట్రిక్యులేరియాలే కీటకాహారవర్గమునకు ప్రతినిధులు. అయినను విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరనగరముల వెచ్చని తేమగాలి రాఫ్లీసియానా, ఆంపుల్లారియా, మిరాబిలిస్ జాతులకు, వాని సంకరములకు చాలవఱకు అనుకూలము. వలనీడ, వాననీరు అమర్చుకొన్నచో గాజు లేకయే పెంచవచ్చును. హైదరాబాదులోను, రాయలసీమలోను వేసవి పొడిగాలినుండి కాపాడుట ముఖ్యము. అరకు, లంబసింగి వంటి మన్యపు ఎత్తులలో శీతకాలపు రాత్రిచలి పర్వతజాతులు కోరునట్టిదే. అచట ఉద్యానశాఖవారుగాని విశ్వవిద్యాలయములుగాని ఒక చిన్న గాజుటిల్లు నిర్మించి ఖాసియానా మగ, ఆడ మొక్కలను, వివిధ మూలములనుండి చట్టబద్ధముగా సంపాదించి, శుద్ధసంతతిగా పెంచినచో దేశమునకు మహోపకారమగును.

ఇండ్లలో ఈ మొక్కను పెంచదలచిన పాఠకులకు నా విన్నపము ఇది. సాగులో పుట్టినదని పత్రములు చూపగల నర్సరీవద్దనే కొనుడు. అడవినుండి తెచ్చినదని అనుమానము కలిగినచో ఎంత చవుకైనను ముట్టకుడు. మొదట ఒక సంకరముతో ఆరంభించి, చేయి తిరిగినపిదప ఒక్క జాతినైనను శుద్ధముగా నిలుపుడు. ప్రతి కుండీలోను ఒక పేరుచీటీ గుచ్చి, తల్లిపేరు ముందు, తండ్రిపేరు వెనుక, కొన్న చోటు, తేదీలతో పెన్సిలుతో వ్రాయుడు. సిరా ఎండకు వెలిసిపోవును, పెన్సిలు వ్రాత చాలకాలము నిలుచును.